ఆకుపచ్చ స్టిక్కరు

ఏప్రిల్ 3

రోత. ఇంతకంటే సరైన మాట దొరకడం లేదు.

కంప్యూటరు మళ్ళీ ఆగిపోయింది. కొత్తది. ఒక్కో భాగం ఏరి ఏరి కొనుక్కొచ్చి, ఆదివారమంతా నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, నా చేతులతో నేను బిగించినది. అమ్మడు బొమ్మలు గీసుకుంటుంటే ఉన్నట్టుండి తెర నల్లబడింది. లోపల ఫ్యాన్లు ఆగాయి. కాసేపటికి ఏమీ ఎరగనట్టు దానంతటదే మళ్ళీ మొదలైంది. చేసిన పనంతా గాలిలో కలిసిపోయింది.

"నాన్నా, మళ్ళీ" అంది. అంతే అంది.

పంపుల ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళుగా నా ఉద్యోగమే తప్పులు పట్టడం. బయటినుంచి వచ్చే సరుకు, బోల్టు కానీ బేరింగు కానీ, నా బల్ల దాటకుండా లోపలికి పోదు. బాగుంటే ఆకుపచ్చ స్టిక్కరు వేస్తాను, లేకపోతే ఎర్రది వేసి తిప్పి పంపుతాను. అలాంటి నాకు నాసిరకం సరుకు అంటగట్టాడు ఆ దుకాణంవాడు. వాణ్ణి చూడగానే అనుకోవాల్సింది. మాట్లాడుతున్నంతసేపూ చెవిలో పుల్ల పెట్టి తిప్పుకుంటూనే ఉన్నాడు. అదే చేత్తో ప్రాసెసర్ పెట్టె అందించాడు. నేను దాన్ని అంచులు పట్టుకుని తీసుకున్నాను.

ఇప్పుడే మొత్తం విప్పి చూశాను. నా పనిలో వంక పెట్టడానికేమీ లేదు. వైర్లన్నీ వెనకవైపుకి తోసి, ప్లాస్టిక్ పట్టీలతో గట్టిగా కట్టేసి, వెనక మూతను మోకాలితో అదిమి స్క్రూలు బిగించాను. ముందునుంచి చూస్తే ఒక్క వైరు కనబడదు. పనంటే అలా ఉండాలి.

ఏప్రిల్ 4

రెండుసార్లు.

ఏప్రిల్ 6

మావిడ తమ్ముడు వచ్చాడు. ఫోటో స్టూడియో నడుపుతాడు. మనిషి కంటే ముందు నవ్వు లోపలికి వస్తుంది. "ఎలా ఉంది బావా కొత్త మెషీను?" అన్నాడు. బ్రహ్మాండంగా ఉందన్నాను. అమ్మడు నా వైపు చూసి, చూపు తిప్పుకుంది.

కొనేముందు వాడన్నాడు, "ఎందుకు బావా ఈ తంటా, తయారుగా ఉన్నది ఒకటి నేను కొనిపెడతాను, మేనకోడలికి ఆ మాత్రం చేయలేనా" అని. తయారుగా ఉన్నవి కొనేవాళ్ళు తెలివితక్కువవాళ్ళని అప్పుడు వాడి మొహం మీదే అన్నాను. ఇప్పుడు ఈ సంగతి వాడి చెవిన పడిందంటే నేను వీధిలో తలెత్తుకోలేను.

వాడు సోఫా మీద కూర్చుంటే సెంటు వాసన కుషన్లకి పట్టేసింది. సాయంత్రందాకా పోలేదు. కిటికీలన్నీ తీశాను.

ఏప్రిల్ 8

ఫ్యాక్టరీకి సెలవు పెట్టాను. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, భాగాలన్నీ వరుసగా పెట్టి, నా అలవాటు ప్రకారం ఒక్కోదాన్నీ పెన్నుతో రెండుసార్లు తట్టి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాను. మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై. అన్నిటినీ బల్ల మీదే కలిపి, కరెంటిచ్చి, అమ్మడి బొమ్మల్నే నడిపించాను. మధ్యాహ్నమంతా కిక్కురుమనకుండా నడిచింది.

మళ్ళీ పెట్టెలో బిగించాను. వైర్లు, పట్టీలు, మోకాలు, స్క్రూలు. అమ్మడు కాఫీ తాగి వచ్చి కూర్చుంది. కప్పు ఇంకా వేడిగానే ఉంది, తెర నల్లబడింది.

దాన్ని ఎత్తి బయట పారేయాలన్నంత కంపరం పుట్టింది.

ఏప్రిల్ 9

అమ్మడి సినిమా గురించి ఇక్కడ రాయలేదు. బొమ్మల సినిమాలు నేర్పే కాలేజీలో సీటు కావాలంటే మూడు నిమిషాల సినిమా సొంతంగా చేసి పంపాలట. మార్కులు చూడరట. మే నెలాఖరు గడువు. సినిమా వెళ్ళకపోతే సీటు లేదు. పిల్లకి చిన్నప్పటినుంచీ వేరే ధ్యాస లేదు, గోడల నిండా ఆ బొమ్మలే.

కథ ఒక కాకిదట. గూడు కట్టుకోవాలనుకుంటుందట. ఏ పుల్ల తెచ్చినా నచ్చక కింద పారేస్తుందట. ఇంతలో వాన వస్తుందట. "కాకి ఎందుకమ్మా, ఏ చిలకనో గీసుకోకూడదా, చూడ్డానికైనా బాగుంటుంది" అన్నాను. నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

ఏప్రిల్ 11

దుకాణానికి మోసుకెళ్ళాను. చెవిలో పుల్ల మనిషి మూత ఊడదీసి పక్కన పడేసి, బల్లమీద పెట్టి నడిపాడు. బల్ల నిండా బిస్కెట్ల పొడి, టీ మరకలు, ఎవరివో గోళ్ళ ముక్కలు కూడా. గోళ్ళ ముక్కలు! నా కంప్యూటరు వాటి మధ్య మధ్యాహ్నమంతా నడిచింది. ఒక్కసారి ఆగితే ఒట్టు.

"ఏం లేదు సార్, గుర్రంలా ఉంది. మీ ఇంట్లో కరెంటు చూపించుకోండి" అన్నాడు.

నాకు! మా ఇంట్లో కరెంటు!

ఇంటికొచ్చి తడిగుడ్డతో పెట్టెంతా తుడిచి, మూత బిగించి పెట్టాను. సాయంత్రం లోపల రెండుసార్లు ఆగింది.

ఏప్రిల్ 13

ఎలక్ట్రీషియన్ వచ్చి ప్రతి ప్లగ్గూ చూశాడు. అంతా బాగుందన్నాడు. గోడమీద అయిదు వేళ్ళూ అచ్చుగుద్ది పోయాడు.

"ఫ్రిజ్జు ఆగడం లేదు, మిక్సీ ఆగడం లేదు, దీనికొక్కదానికే వచ్చిందా కరెంటు రోగం?" అంది మావిడ. అన్నిటికీ ఒక మాట తయారుగా ఉంటుంది ఈవిడ దగ్గర.

ఏప్రిల్ 16

ఇంటర్నెట్‌లో అడిగాను. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎగబడి జవాబులిచ్చారు. విండోస్ మార్చమని ఒకడు, మదర్‌బోర్డు మార్చమని ఇంకొకడు. అన్నీ అమ్మేసి రెండు మేకలు కొనుక్కోమన్నాడు మూడోవాడు, దానికి నలభైమంది నవ్వుమొహాలు పెట్టారు. చదువుతుంటే ఎంగిలి కంచంలో చెయ్యి పెట్టినట్టుంది. మళ్ళీ ఆ వైపు పోను.

ఏప్రిల్ 17

పోయాను. విండోస్ మార్చాను. ఆగింది.

ఏప్రిల్ 19

ఫ్యాక్టరీనుంచి వచ్చేసరికి కంప్యూటరు మూత ఊడి గోడకి జేరబడి ఉంది. అమ్మడు పని చేసుకుంటోంది. లోపలి వైర్లన్నీ వెనకనుంచి బయటికి వేలాడుతున్నాయి. కడుపు కోసిన జంతువులా ఉంది, చూడలేకపోయాను.

"మూత తీస్తే ఆగడం లేదు నాన్నా. పొద్దున్నుంచీ ఇలాగే చేసుకుంటున్నా."

"దుమ్ము పోతుంది. ఎవరైనా చెయ్యి పెడితే ప్రాణం పోతుంది. ఇంట్లో మూతల్లేని సామాను నేను ఉండనివ్వను."

"మే నెలాఖరుదాకా ఉంచుకుంటాను నాన్నా. సినిమా పంపేశాక నువ్వే బిగించేయి."

అయినా పిల్ల చెప్పిన దాంట్లో కొంచెం పస ఉంది. మూత తీస్తే నడుస్తోందంటే లోపల వేడి ఎక్కువవుతోందన్నమాట. ఇంత చిన్న సంగతి ఆ దుకాణంవాడికి తట్టలేదు. రేపు ఇంకో ఫ్యాను తెచ్చి పెడతాను.

ఏప్రిల్ 20

ఫ్యాను పెట్టాను. దాని వైర్లు కూడా వెనక్కే తోశాను. మూత అసలు పడనంది. రెండు మోకాళ్ళూ ఆనించి, అమ్మడి చేత స్క్రూలు బిగింపించాను.

అంతకుముందు కంటే ఘోరం. ఆన్ చేసిన ప్రతిసారీ ఆగుతోంది.

"చూశావా, వేడి కాదు" అన్నాను అమ్మడితో.

"నేను వేడి అనలేదు నాన్నా."

ఏప్రిల్ 23

వాన వచ్చే ఘట్టం మొత్తం పోయింది. దాచుకున్న ఫైలే పాడైపోయిందట, తెరుచుకోవడం లేదు. వారం రోజుల పని.

"నువ్వే ఏదో నొక్కకూడనిది నొక్కుతున్నావు. తెర మీద ఇన్ని కిటికీలు ఒకేసారి తెరిస్తే ఏ మెషీను తట్టుకుంటుంది?" అన్నాను. అనక్కర్లేదు. అయినా ఎవరో ఒకరు జాగ్రత్త చెప్పాలి కదా.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నల్లటి తెరలోకి చూస్తూ కూర్చుంది. దాన్లో నా మొహం కూడా కనబడుతోంది. నేను లేచి అవతలికి వచ్చేశాను.

మావిడ కంచం బల్లమీద పెట్టిన చప్పుడులోనే మొత్తం చెప్పింది.

ఏప్రిల్ 25

ర్యామ్ మార్పించాను. దుకాణంవాడు గొణుక్కుంటూనే వేరేది ఇచ్చాడు. ఇంటికొచ్చేసరికి మూత మళ్ళీ గోడకి జేరబడి ఉంది. ఒళ్ళు మండిపోయింది. ఇన్నిసార్లు చెప్పాక కూడా.

కొత్త ర్యామ్ పెట్టాను. మూత మోకాలితో అదిమి బిగించాను. ఫ్యాక్టరీనుంచి తెచ్చిన ఆకుపచ్చ స్టిక్కరు, మూతకీ పెట్టెకీ మధ్య గీత మీద సరిగ్గా అతికించి, తేదీ వేసి సంతకం పెట్టాను. ఇక ఎవరు తెరిచినా అది చిరుగుతుంది, నాకు తెలుస్తుంది.

అమ్మడు గుమ్మంలో నిలబడి చూసింది. "పాసైపోయిందా నాన్నా?" అంది.

"పాసైంది" అన్నాను.

ఏప్రిల్ 27

ఆగలేదు.

ఏప్రిల్ 30

ఆగలేదు. స్టిక్కరు చెక్కు చెదరలేదు. మొదటినుంచీ ర్యామ్‌దే తప్పు. చెవిలో పుల్ల మనిషికి ఎర్ర స్టిక్కరు వేయాలి, నుదుటి మీద.

మే 4

ఆగలేదు. సాయంత్రం రాగానే "ఆగిందా?" అని అడగడం, "లేదు నాన్నా" అనడం, ఇదే మా ఇద్దరి మధ్య మాట.

కంప్యూటరు బాగుపడ్డాక పిల్లకి తీరిక దొరికినట్టుంది, పొద్దున్నే స్నేహితురాలింటికి పోతోంది. కలిసి చదువుకుంటున్నారట. పని ఎప్పుడు చేస్తోందో మరి. "సినిమా ఎంతవరకు వచ్చింది?" అంటే "అవుతోంది నాన్నా" అంటుంది. ఈ వయసు పిల్లలకి అన్నీ చివరి నిమిషంలోనే.

మే 5

ఆగలేదు.

మే 9

బావమరిదికి నేనే ఫోను చేశాను. ఊరకే, కుశలమడగడానికి. మాటల్లో మాటగా కంప్యూటరు సంగతి వచ్చింది. మొదట్లో కాస్త పేచీ పెట్టిందని, వాళ్ళూ వీళ్ళూ చేతులెత్తేస్తే నేనే పట్టుకుని బాగుచేశానని, ఏప్రిల్ నెలాఖరు నుంచీ ఒక్కసారి కూడా ఆగలేదని చెప్పాను.

అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఎంత వాగుడుకాయ! నోట్లో నాలుక లేనట్టు అయిపోయాడు.

"మంచిది బావా" అన్నాడు. పని ఉందని పెట్టేశాడు.

కుళ్ళు. చూడకపోయినా తెలుస్తుంది.

మే 16

రాయబుద్ధి కావడం లేదు. రాస్తాను.

మా ఫ్యాక్టరీ స్టోర్ కీపర్ వచ్చాడు. వాళ్ళబ్బాయికి ఇలాంటి కంప్యూటరే బిగించిపెట్టమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. చూపిద్దామని కూర్చోబెట్టాను. కీబోర్డు మీద చెయ్యి వేస్తే వేళ్ళకి దుమ్ము అంటుకుంది. మెత్తటి, బూడిదరంగు దుమ్ము. ఒక్క మీట మీద కూడా వేలు పడిన గుర్తు లేదు.

అమ్మడి కాకిని చూపిద్దామని ఫైళ్ళు తెరిచాను. చివరి ఫైలు ఏప్రిల్ ఇరవై అయిదుది. ఆ తర్వాత ఏమీ లేదు. ఏదో చోట ఉండే ఉంటుందని వెతుకుతుంటే తెర నల్లబడింది. ఫ్యాన్లు ఆగాయి.

"ఇది ఇలాగే అవుతుందా?" అన్నాడు స్టోర్ కీపర్, పాపం మర్యాదగానే.

కరెంటు అన్నాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

మావిడ కప్పులు తీస్తూ చెప్పింది. తలెత్తి కూడా చూడలేదు.

"దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదండీ. ముట్టుకోకపోతే ఎందుకు ఆగుతుంది?"

"మరి సినిమా?"

"మా తమ్ముడి స్టూడియోలో చేసుకుంటోంది. పొద్దున వెళ్ళి, మీరొచ్చే వేళకి వచ్చేస్తోంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తారు? అక్కడికీ వెళ్ళి వాడి కంప్యూటర్‌కి కూడా స్టిక్కరు వేస్తారు."

మే 17

నాకేమీ బాధ లేదు. పని జరగడం ముఖ్యం, ఎక్కడ జరిగితేనేం.

రోజూ అడిగాను. రోజూ "లేదు నాన్నా" అంది. అబద్ధం కూడా చెప్పలేదు.

ఫోనులో వాడికి చెప్పిన మాటలు గుర్తొస్తే చెవులు కాలిపోతున్నాయి. అప్పుడు ఆ పిల్ల వాడి పక్కనే కూర్చుని ఉంటుంది. అన్నీ వినే ఉంటుంది. ఛీ.

మే 18

ఈ రోజు ఆదివారం. అమ్మడు పొద్దున్నే వెళ్ళింది. ఎక్కడికి అని అడగలేదు.

స్టిక్కరు గీకేశాను. కాగితం వచ్చింది, జిగురు రాలేదు. మూత తీసి, అమ్మడి పాత బొమ్మల్ని నడవనిచ్చి ముందు కుర్చీ వేసుక్కూర్చున్నాను. పేపరు చదివాను. భోంచేశాను. నడుస్తూనే ఉంది. సాయంత్రం నాలుగింటికి, అది నడుస్తుండగానే, మూత తెచ్చి ఆనించి, అలవాటుగా మోకాలు పెట్టి అదిమాను.

ఆగిపోయింది.

మోకాలు తీశాను. కాసేపటికి మొదలైంది. ఈసారి అరచేత్తో నొక్కాను. ఆగిపోయింది. వెనకవైపు చూస్తే తెలిసింది. అందంగా కనబడాలని నేను వెనక కుక్కిన వైర్ల కట్టంతా మూత ఒత్తిడికి లోపలికి జరిగి, మదర్‌బోర్డుకి కరెంటు తెచ్చే ప్లగ్గుని పక్కకి లాగుతోంది. మూత లేకపోతే ప్లగ్గు నిలబడుతుంది. మూత పెట్టి నేను నొక్కితే చాలు, కదిలిపోతుంది.

దుకాణంవాడి తప్పు లేదు. ర్యామ్ తప్పు లేదు, కరెంటు తప్పు లేదు. పిల్ల నెల కిందటే చెప్పింది, మూత తీస్తే ఆగడం లేదని. విని, ఫ్యాను కొనుక్కొచ్చి, ఇంకో గుప్పెడు వైర్లు కుక్కి, రెండో మోకాలు కూడా పెట్టాను. పైన సంతకం చేశాను.

ఫ్యాక్టరీలో నేను వచ్చిన సరుకునే చూస్తాను. బిగించాక చూసే బల్ల వేరే ఉంది, అక్కడ వేరే మనిషి కూర్చుంటాడు. ఇంట్లో ఆ బల్ల లేదు. ఉన్న ఒక్క మనిషీ చూసి చెబితే నోరు మూయించాను.

నన్ను చూస్తే నాకే రోత.

మే 19

స్టూడియోకి వెళ్ళాను. బావమరిది నన్ను చూసి తేలు కుట్టినట్టు లేచాడు. "బావా, అది... అమ్మడే చెప్పొద్దంది..." అని నీళ్ళు నమిలాడు. కుర్చీ తుడిచి మరీ వేశాడు. వాణ్ణి ఏమీ అనలేదు. సెంటు వాసన కూడా వచ్చింది, దాన్నీ ఏమీ అనలేదు.

అమ్మడు తెరముందు ఉంది. కాకి కదులుతోంది. పుల్ల తెచ్చి కొమ్మ మీద పెట్టి, ముక్కుతో రెండుసార్లు తట్టి, మెడ వంచి కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, కింద పారేసింది. ఇంకోటి తెచ్చింది. రెండుసార్లు తట్టింది. పారేసింది. చెట్టు కింద పుల్లలు గుట్టగా పడి ఉన్నాయి, కొమ్మ మీద ఒక్కటీ లేదు. వెనక బావమరిది కిసుక్కున నవ్వి, ఆ నవ్వుని దగ్గులోకి మార్చాడు.

నా జేబులో పెన్ను ఉంది. దాన్ని పట్టుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది.

"బాగుచేశానమ్మా. తప్పు నాదే. మూత. నువ్వు చెప్పిందే" అన్నాను.

"అవునా. మంచిది నాన్నా."

"ఇంటికొచ్చి చేసుకుంటావా?"

"ఇంకొంచెమే ఉంది నాన్నా. ఇక్కడే పూర్తి చేసేస్తాను" అంది. విసుగు లేదు, కోపం లేదు. బస్సులో పక్కవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది.

ఇంటికి నడిచే వచ్చాను.

మే 28

పంపింది. గడువుకి ముందే.

జూన్ 14

కాలేజీవాళ్ళు మాట్లాడటానికి రమ్మన్నారు. కాకి నచ్చిందట. మావిడ మూడు ఇళ్ళకి వినబడేలా ఫోనులో చెప్పింది. బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "మా అమ్మడికి తిరుగులేదు బావా!" అంటూ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఊపనిచ్చాను.

ఇంకో రెండు బొమ్మలు కూడా తెమ్మన్నారట. మధ్యాహ్నం అమ్మడు వచ్చి ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుంది. నేను పిలవలేదు. పట్టీలన్నీ కోసేసి వైర్లు వదులుగా వేశాను కాబట్టి మూత ఇప్పుడు రెండు వేళ్ళతో పడుతుంది. లోపల ఏమంత అందంగా లేదు. జిగురు మరక అలాగే ఉంది.

పేపరు పట్టుకుని వెనక కూర్చున్నాను. మూడు గంటలు నడిచింది. తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు. కానీ నేను తెరని చూడటం లేదు. అమ్మడి ఎడమచెయ్యిని చూస్తున్నాను. ఒక గీత గీయడం, ఎడమచేత్తో సేవ్ నొక్కడం. ఇంకో గీత, మళ్ళీ సేవ్. ఆలోచిస్తూ కిటికీలోంచి బయటికి చూస్తున్నప్పుడు కూడా, ఏమీ గీయకపోయినా, ఆ రెండు వేళ్ళు వాటంతటవే నొక్కుతున్నాయి.

"ఇంక ఆగదమ్మా" అన్నాను.

"తెలుసు నాన్నా."

వేళ్ళు మళ్ళీ నొక్కాయి. తనకే తెలిసి చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"మామయ్య దగ్గర కూడా ఇంతే. అదెప్పుడూ ఆగలేదు. అయినా అలవాటైపోయింది."

"పోతుందిలే, మెల్లగా."

"చూద్దాం నాన్నా" అంది. ఇంకో గీత గీసింది. ఎడమచెయ్యి ఒళ్ళోంచి లేచింది.